శుక్రవారం కనిపించే మనిషి

కోరుట్ల బస్టాండుకు దగ్గర్లో నేను పనిచేసే ఇంటర్నెట్ సెంటర్‌లో, కిటికీ పక్క మూలకు, ఒక పాత కంప్యూటర్ ఉండేది. దాని తెర పై అంచుకు తెల్ల ప్లాస్టర్ అంటించి, స్కెచ్ పెన్నుతో ‘అప్‌డేట్ చేయొద్దు’ అని రాసింది నేనే. నా దస్తూరి బాగుంటుందని అన్న నాతో రాయించాడు. సెంటర్ నడిపే ఆయనను అందరం అన్న అనే పిలిచేవాళ్ళం.

మాది సిరిసిల్ల. నాన్న మరమగ్గాల మీద పనిచేస్తాడు. డిగ్రీ అయ్యాక కోరుట్లలో చిన్నమ్మ ఇంట్లో ఉండి ఈ పనిలో చేరాను. సర్టిఫికెట్లకు దరఖాస్తులు పెట్టడం, పరీక్షల ఫీజులు కట్టడం, పిల్లలకు కాలేజీ సీట్ల ఆప్షన్లు పెట్టడం, జిరాక్సులు తీయడం. మనుషులతో తక్కువగా, కీబోర్డుతో ఎక్కువగా మాట్లాడొచ్చనే ఈ పనికి ఒప్పుకున్నాను. కౌంటర్ సొరుగులో గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకం ఒకటి ఎప్పుడూ ఉండేది. గిరాకీ లేనప్పుడు సొరుగు సగం తెరిచి, పుస్తకం బయటికి తీయకుండానే చదువుకునేదాన్ని. మగ్గాల మోతలో పెరిగినదాన్ని కాబట్టి చప్పుడు నాకు అడ్డం కాదు. నిశ్శబ్దంగా ఉన్న చోటే చదవడం కష్టమయ్యేది.

మూల కంప్యూటర్‌ను అప్‌డేట్ చేయకుండా ఉంచింది ఇద్దరు ఆడవాళ్ళ కోసం. కథలాపూర్ అవతల ఒక పల్లె నుంచి ప్రతి శుక్రవారం ఒక అత్తా కోడలూ వచ్చేవారు. కోడలిని నేను అక్కా అనేదాన్ని, అత్తను అవ్వా అనేదాన్ని. అక్క భర్త, అంటే అవ్వ కొడుకు, గల్ఫ్‌లో ఒక భవనం కడుతుండగా పైనుంచి పడిపోయాడు. తలకు దెబ్బ. ప్రాణం దక్కింది, మాట పోయింది. కళ్ళు తెరిచి ఉంటాడు, ఎవరినీ గుర్తుపట్టడు. విమానం ఎక్కించే పరిస్థితి లేదని డాక్టర్లు అన్నారట. ఆ దేశంలో వాట్సాప్‌లో కాల్ కలవదు, ఆ వార్డులోకి ఫోన్లు రానివ్వరు. ఆసుపత్రి వాళ్ళే వెబ్‌సైట్‌లో ఒక పేజీ పెట్టారు. శుక్రవారం అక్కడ నమాజు అయిపోయాక, ఇక్కడ మనకు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, నర్సు మంచం పక్కన కెమెరా పెడుతుంది. రోగి నంబరు కొడితే కాసేపు ఆయన కనిపిస్తాడు. మన మాట ఆయన తలగడ దగ్గర వినిపిస్తుంది.

ఆ పేజీ చాలా ఏళ్ళ కిందట తయారైంది. అది తెరుచుకోవాలంటే బ్రౌజర్‌కు ఒక పాత ప్లగిన్ తగిలించి ఉండాలి. ప్లగిన్ అంటే బొమ్మనూ గొంతునూ మోసుకొచ్చే చిన్న సాఫ్ట్‌వేర్ ముక్క. కొత్త బ్రౌజర్లు దాన్ని దగ్గరికి రానివ్వడం మానేశాయి. అదే సమయంలో కాలేజీ సీట్ల సైటేమో పాత బ్రౌజర్‌లో తెరుచుకోవడం మానేసింది. ‘మీ బ్రౌజర్ పాతది, కొత్తది వేసుకోండి’ అని వచ్చేది. అందుకని అన్న మిగతా కంప్యూటర్లన్నిటికీ కొత్త బ్రౌజర్ వేసి, మూలది ఒక్కటీ పాతగానే వదిలేశాడు.

“గదే మన శుక్రవారం సిస్టమ్. దాని జోలికి ఎవ్వలు పోవద్దు,” అన్నాడు.

శుక్రవారం వాళ్ళిద్దరూ పెళ్ళికి వచ్చినట్టు వచ్చేవారు. అక్క ఇస్త్రీ చీర కట్టుకుని, జడలో మల్లెపూలు పెట్టుకునేది. అవ్వ కొంగులో ఏదో ఒకటి మూటగట్టి తెచ్చేది. ఒకసారి కొత్త వడ్లు, ఒకసారి పత్తికాయ, ఒకసారి ఇంటి ముందు కాసిన పెద్ద దోసకాయ. వాటిని కెమెరా ముందు పట్టుకుని, “ఇగ జూడు, మన మడి కాడియి,” అని అరిచేది. చూపడం అయ్యాక తెరకు రెండు చేతులూ తాకించి, తన కణతలకు ఆనించుకుని మెటికలు విరిచేది. నేను తర్వాత గుడ్డతో తెర తుడుచుకునేదాన్ని.

ఒకసారి అన్న నవ్వుతూ అన్నాడు: “అవ్వా, గంత గట్టిగ మొత్తుకుంటే దుబాయ్‌ల ఉన్నోళ్ళంత లేస్తరు.”

మా దగ్గర గల్ఫ్‌లో ఎక్కడున్నా దుబాయే అంటారు.

“లేవనియ్ బిడ్డా,” అంది అవ్వ. “అందరు లేస్తే వాళ్ళల్ల నా కొడుకు సుత లేస్తడు.”

ఆ తర్వాత అన్న మళ్ళీ ఎప్పుడూ ఆ మాట అనలేదు. బయట టీ కొట్టుకు పోయి, వాళ్ళు వెళ్ళేదాకా అక్కడే ఉండేవాడు.

నేను మాత్రం పక్కనే ఉండాల్సి వచ్చేది, గొంతు వినిపించకపోతే సరిచేయడానికి. వినకూడదనుకుంటూనే వినేదాన్ని. అక్క చెప్పేవన్నీ చిన్న చిన్న సంగతులు. బోరు మోటారు కాలిపోయింది, పెంకులు మార్పించాం, నీ సైకిల్ ఎవరికీ ఇవ్వలేదు. ఎన్నడూ ఏడ్చేది కాదు. ఎదుటి మనిషి అన్నిటికీ ఊఁ కొడుతున్నట్టే, మధ్యమధ్యలో ఆగి మళ్ళీ చెప్పేది. ఆయన కళ్ళు పైకప్పు వైపు ఉండేవి. ఇంటికి పోయాక ఆ సంగతుల్లో ఒకటో రెండో డైరీలో రాసుకునేదాన్ని. ఎందుకో నాకే తెలియదు. నేను చదివే పుస్తకాల్లో ఎవరూ అలా మాట్లాడుకోగా చూడలేదు.

అక్క నాతో ఒకసారి అంది: “నువ్వు మాట్లాడేటప్పుడు మొకం జూసి మాట్లాడు చెల్లె. నేలకు జూసి చెప్తే ఎవలు నమ్మరు.”

నవ్వుతూనే అంది. నేను తల ఊపాను, అదీ నేలకు చూస్తూనే.

వానాకాలం మొదట్లో ఒక శుక్రవారం పొద్దున మూల కంప్యూటర్‌ను ఆన్ చేస్తే చాలాసేపు లేవలేదు. నీలం తెర మీద చుక్కలు గుండ్రంగా తిరిగాయి. లేచాక చూస్తే అంతా మామూలుగానే ఉంది, బ్రౌజర్ గుర్తు మాత్రం కొత్తగా నిగనిగలాడుతోంది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. అంతకుముందు రోజు ఆపేటప్పుడు తనంతట తానే అప్‌డేట్ తెచ్చుకుని వేసుకుంది. నేను అంటించిన ప్లాస్టర్ అలాగే ఉంది.

అన్న పాత బ్రౌజర్‌ను మళ్ళీ ఎక్కించాలని చూశాడు. బ్రౌజర్ దొరికింది. ప్లగిన్ మాత్రం ఎక్కడా లేదు. దాన్ని తయారుచేసిన వాళ్ళే తీసేశారట. ఇంతలో వాళ్ళిద్దరూ వచ్చేశారు. అవ్వ కొంగులో ఆ రోజు బోనాల పండుగకు కొన్న కొత్త గాజులు ఉన్నాయి.

పేజీ తెరిచాను. పైన ఆసుపత్రి పేరు, పక్కన ఆయన నంబరు, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. మధ్యలో, ఆయన మంచం ఉండాల్సిన చోట, బూడిద రంగు చతురస్రం. దాని మీద విరిగిన బొమ్మ ఒకటి, కింద ఇంగ్లీషులో ఒక వాక్యం: ఈ ప్లగిన్‌ను ఈ బ్రౌజర్ నడపదు.

“ఏడి?” అంది అవ్వ.

“కనిపిస్తలేడు అవ్వా. సిస్టమ్ ఖరాబైంది. బాగు చేపిస్తం. వచ్చే వారం కనిపిస్తడు,” అన్నాను. ఎప్పటిలాగే మెల్లగా, తల వంచుకుని.

అవ్వ తెరను చూడలేదు. నన్ను చూసింది. తర్వాత వెనక నిలబడ్డ అన్నను చూసింది. అన్న ఏం చేయాలో తోచక నీళ్ళ సీసా తెచ్చి ఆమెకు ఇచ్చాడు.

“జర నీళ్ళు తాగు అవ్వా,” అన్నాడు.

అప్పుడు అవ్వ కుర్చీలోంచి కిందికి జారి నేల మీద కూర్చుంది.

మా వైపు వాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు గానీ, మిగతావాళ్ళ కోసం చెప్పాలి. గల్ఫ్‌లో ఎవరైనా చనిపోతే మా ఊళ్ళలో ఆ మాట తల్లికి నేరుగా చెప్పరు. ముందు ఫోన్ కలవడం లేదంటారు. తర్వాత కొంచెం ఒంట్లో బాగలేదంటారు. పక్కింటివాళ్ళు ఊరకే వచ్చి కూర్చుంటారు, మంచినీళ్ళు తాగమంటారు. ఆమె రెండు ముద్దలు తిన్నాక, దగ్గరివాళ్ళందరూ చేరాక, అప్పుడు చెబుతారు. దయతోనే అలా చేస్తారు. కానీ ఆ దయ ఎలా ఉంటుందో ఊళ్ళో ప్రతి తల్లికీ తెలుసు. నేను తల వంచుకుని చెప్పిన మాట, అన్న తెచ్చిన నీళ్ళు, అచ్చం అలాగే ఉన్నాయి.

“నాకెరుకే బిడ్డా,” అంది అవ్వ. “మా ఆడిబిడ్డ కొడుకు పోయిననాడు సుత గిట్లనే జెప్పిండ్రు. ఫోన్ ఖరాబైంది అన్నరు. ఎన్కసిరి శవమై డబ్బల అచ్చిండు.”

“అట్ల కాదు అవ్వా, నిజంగనే...”

“నిజంగనే అన్నరు గప్పుడు సుత.”

ఆమె శోకం ఎత్తుకుంది. కొడుకును పేరు పెట్టి పిలుస్తూ, పుట్టిన నాటి నుంచి మొదలుపెట్టి పాటలా ఏడ్చింది. బస్టాండు వైపు నుంచి జనం వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వాళ్ళలో అవ్వ ఊరివాళ్ళు ఎవరో ఉండే ఉంటారు. అక్క నా చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి తీసుకుపోయింది.

“చెల్లె, అత్తకు చెప్పకున్నా మంచిదే. నాకన్న నిజం జెప్పు.”

“నిజమే చెప్తున్న అక్కా. బ్రౌజర్ మారింది. గంతే.”

“ఒట్టు?”

“ఒట్టు.”

ఆమె నమ్మిందో లేదో అప్పుడు తెలియలేదు. “అయితే నువ్వు మా ఊరికి రా. అక్కడ నువ్వే చెప్పు. నేను చెప్తే ఎవలు ఇనరు,” అంది.

అన్న దుకాణం మూసేసి, తనే ఆటో మాట్లాడి మమ్మల్ని ఎక్కించాడు. దుకాణం మూయడం చూసి గుమ్మంలో నిలబడ్డవాళ్ళు తలలు ఊపుకున్నారు. దారి పొడుగునా అవ్వ ఏడుస్తూనే ఉంది. ఆటో డ్రైవర్ పెట్టుకున్న పాట ఆపేశాడు.

మేం చేరేసరికి ఊరికి మాట చేరిపోయింది. ఇంటి ముందు చాపలు పరిచారు. మగవాళ్ళు కంపెనీ గురించి, కాగితాల గురించి, శవం రావడానికి ఎన్ని రోజులు పడుతుందో దాని గురించి మాట్లాడుకుంటున్నారు. లోపల, వీళ్ళు వచ్చేసరికి ఉండాలని పక్కింటామె పెట్టిన అన్నం గిన్నె సగం ఉడకగానే దించి ఉంది. ఎవరో నీళ్ళు చల్లి పొయ్యి ఆర్పేశారు. అక్క గడప దాటకముందే ఆడవాళ్ళు వచ్చి మెడ పట్టుకుని ఏడ్చారు. ఆ పట్టులో, ఎవరిదో చెయ్యి, ఆమె జడలోంచి మల్లెపూలు లాగి కింద పడేసింది.

అక్క వాళ్ళందరినీ నెట్టుకుని వంగి, మట్టిలోంచి పూలు ఏరుకుని మళ్ళీ జడలో పెట్టుకుంది.

“నా మొగడు బతికే ఉన్నడు. ఇగో, కంప్యూటర్ చెల్లె అచ్చింది. అడుగుండ్రి.”

అందరూ నా వైపు తిరిగారు. నేను బళ్ళో కూడా ఎన్నడూ నలుగురి ముందు నిలబడి మాట్లాడినదాన్ని కాదు.

“చచ్చిపోలేదు. కంప్యూటర్ల కనిపిస్తలేడు, గంతే. పేజీ పాతది, బ్రౌజర్ కొత్తది. రెండిటికి పడతలేదు.”

“మరి ఎప్పుడు కనిపిస్తడు?” ఒక పెద్దాయన అడిగాడు.

“తెల్వదు.”

నా వెనకాల ఒకామె ఇంకొకామెతో అంటోంది: “పాపం పోరి. ఎట్ల జెప్పాల్నో తెలుస్తలేదు దానికి.”

ఆ సాయంత్రం చిన్నమ్మ ఇంటికి వచ్చాక డైరీ తెరిచి పెట్టుకుని ఏమీ రాయలేకపోయాను. నేను చెప్పినదంతా నిజం. అబద్ధం చెప్పినా ఇంతకంటే బాగా నమ్మేవారేమో.

తర్వాతి రోజుల్లో అన్న కంపెనీకి ఫోన్ చేయించాడు. అక్కడి మనిషి “కండిషన్ సేమ్” అన్నాడు. అవ్వకు ఆ మాట చెబితే, “ఆఁ, గట్లనే అంటరు,” అందట. ఆమె దృష్టిలో ఇక కొడుకును చూడటం ఒక్కటే రుజువు. చూపించేది ఆ పాత పేజీ ఒక్కటే.

జగిత్యాలలో కంప్యూటర్లు బాగుచేసే ఆయన ఒకరు అన్నకు దోస్తు. మూల కంప్యూటర్‌ను గోనె సంచిలో చుట్టి, అన్నా నేనూ బస్సులో తీసుకుపోయాం. ఆయన దుకాణంలో గోడ పొడవునా పాత కంప్యూటర్ డబ్బాలు పేర్చి ఉన్నాయి. ఆశ కలిగింది. ఒక్కొక్కటీ పెట్టి చూశాడు. కొన్ని లేవలేదు. లేచినవన్నీ కొత్త బ్రౌజర్‌వే.

“నెట్టుకు తగిలించిన డబ్బా పాతగ ఉండది తమ్మీ,” అన్నాడు అన్నతో. “మనం వద్దన్నా అదే మారుతది. పాతగ ఉండాల్నంటే దానికి నెట్టే ఎరుక ఉండద్దు.”

తిరుగు బస్సులో ఆ మాటే నా తలలో తిరిగింది. నెట్టు ఎరుగని కంప్యూటర్. అలాంటిది నేను చూశాను. సిరిసిల్లలో, నాన్న పనిచేసే కార్ఖానా పక్కన, చీర అంచుల డిజైన్లు గీసే గదిలో. దాని తెర మీది గళ్ళలో పూలూ నెమళ్ళూ గీసి, ఆ లెక్కన మగ్గానికి తగిలించే అట్టలకు చిల్లులు కొట్టడానికి ఇచ్చేవారు. కొన్న నాటి నుంచి దానితో ఆ పని తప్ప ఇంకో పని ఎవరూ చేయలేదు. ఆ రోజుల్లో కొత్త కంప్యూటర్లు ఆ ప్లగిన్‌తోనే వచ్చేవి. చిన్నప్పుడు నాన్నకు అన్నం గిన్నె తీసుకుపోయి, దాని పక్కన కూర్చుని కథల పుస్తకాలు చదువుకున్నాను. నాన్నకు ఫోన్ చేసి అడిగాను.

“ఉన్నది బిడ్డా. దుమ్ము పట్టి ఉన్నది. ఇప్పుడు డిజైన్లన్ని హైదరాబాద్ నుంచే వస్తున్నయ్,” అన్నాడు. కార్ఖానా సేటు పెద్దగా ఏమీ అనకుండానే ఒప్పుకున్నాడట.

ఆ వారం అంతా అవ్వ పొయ్యి ముట్టించనివ్వలేదని అక్క ఫోన్లో చెప్పింది. పక్కింటివాళ్ళు అన్నం పంపిస్తున్నారు. అక్క పూలు పెట్టుకుంటే చావిడి కాడ ఒకామె, “మొగడు పోయినంక గింత సోకేంది,” అన్నదట. “నేను సుత పెట్టుకుంటనే ఉన్న చెల్లె. తీస్తే నిజమైతది అని భయం,” అంది.

శుక్రవారం వాళ్ళు వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సులో వచ్చారు. అవ్వ ఈసారి కొంగులో ఏమీ తేలేదు. రావడానికే ఒప్పుకోలేదట. బలవంతాన బస్సెక్కించారు. డిజైన్ గదిలో నాన్న బల్ల తుడిచి, కుర్చీలు వేసి ఉంచాడు. గోడ అవతల మగ్గాలు నడుస్తున్నాయి. నేల సన్నగా అదురుతోంది.

కంప్యూటర్ లేచింది. మూలన గడియారం చూస్తే ఎన్నో ఏళ్ళ కిందటి తేదీ ఉంది. లోపలి బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఆ తేదీ లెక్కన ఆయన ఇంకా గల్ఫ్‌కే పోలేదు. అక్కకు పెళ్ళే కాలేదు. ఫోన్ నుంచి తీగతో నెట్టు ఇచ్చాను. ఆ తేదీతో పేజీ తెరుచుకోనని మొరాయించింది. తేదీ సరిచేయక తప్పలేదు. ఒక్కో ఏడాదీ ముందుకు జరిపాను. ఇంత చేసి, ఇదీ నెట్టు తగలగానే మారిపోతే?

మారలేదు. బూడిద చతురస్రం రావాల్సిన చోట ముందు నల్లగా అయ్యింది, తర్వాత మంచం వచ్చింది. మంచం మీద ఆయన.

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అవ్వ ముందుకు వంగలేదు.

“గిది పాతది,” అంది. “పెండ్లి వీడియో తిప్పినట్టు తిప్పుతున్నరు. నన్ను సముదాయించకుండ్రి.”

“అత్తా, జూడు. సరిగ్గ జూడు.”

“జూసిన. గదే మంచం. గదే చూపు.”

ఎంత చెప్పినా అంతే. అటువైపు నర్సు ఈ గొడవ విని, ఏమైందో అర్థంకాక, ఆయన చెయ్యి పట్టుకుని పైకెత్తి మెల్లగా ఊపింది. అవ్వ దానికీ తల తిప్పేసుకుంది. అప్పుడు నర్సు ఆయన తలను తలగడ మీద కొంచెం పక్కకు జరిపింది. అవ్వ చటుక్కున తెర దగ్గరికి వచ్చింది.

“ఎంటికలేవి?”

ఆయన జుట్టంతా కత్తిరించి ఉంది. చెవి పక్కన ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా.

“పోయినసారి మెడ దాకుండె. ఎవలు గొరిగిండ్రు నా కొడుకును గిట్ల? మేకను గొరిగినట్టు గొరిగిండ్రు! ఓ సిస్టరమ్మా, మా ఊరి మంగలాయన గుడ్డి కన్నుతోని సుత గింతకంటె మంచిగ జేస్తడు!”

తిడుతూనే నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. తెరకు చేతులు తాకించి మెటికలు విరిచింది. అక్క వెనక్కి జరిగి గోడకు ఆనుకుని నిలబడింది. ఇన్ని నెలల్లో ఆమె ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం. మగ్గాల మోతలో ఏమీ వినిపించలేదు.

ఆ రోజు అవ్వ మా ఇంట్లో కడుపునిండా అన్నం తిన్నది. వెళ్ళేటప్పుడు నా గడ్డం పట్టుకుని, “నువ్వు నిజమే చెప్పినవ్ బిడ్డా. నేనే నమ్మలే. ఇగ నుంచి నీ మాటే నాకు మాట,” అంది.

కొన్ని వారాలు సిరిసిల్లకే వచ్చారు. నేను కూడా శుక్రవారాలు సెలవు పెట్టుకుని ఇంటికి వచ్చేదాన్ని. తర్వాత ఆ ఆసుపత్రి తన పాత పేజీ తీసేసి కొత్తది పెట్టింది. దానికి ప్లగిన్ అక్కర్లేదు. ఏ బ్రౌజర్‌లోనైనా, చివరికి అక్క చేతిలోని ఫోన్‌లో కూడా తెరుచుకునేది. అక్క ఫోన్ చేసి చెప్పింది: “ఇగ బస్సెక్కే పని లేదు చెల్లె. మంచంల కూసోనే చూస్తున్నం.” సంతోషించాను. శుక్రవారం మధ్యాహ్నాలు మాత్రం ఏమీ తోచేది కాదు. సొరుగులో పుస్తకం ఉండేది, పేజీ కదిలేది కాదు. అన్న మూల కంప్యూటర్ మీది ప్లాస్టర్ పీకేసి దాన్ని కూడా సీట్ల ఆప్షన్లకు పెట్టాడు. జిగురు మరక పోలేదు.

చలికాలంలో అక్క భర్త చనిపోయాడు. జ్వరం వచ్చి, ఊపిరితిత్తులకు ఎక్కిందట. కంపెనీ మనిషి అక్కకే నేరుగా ఫోన్ చేసి, వంకరటింకర లేకుండా చెప్పేశాడు. అక్క ఆ పూటే నాకు చెప్పింది. ఎప్పటిలాగే, ఒక సంగతి చెప్పినట్టు చెప్పి, ఆగింది. నేను ఊఁ అన్నాను.

“అత్తకు చెప్పిన,” అంది. “ఇనుతలేదు చెల్లె. ‘ఫోన్ ఖరాబైంది గావచ్చు, గింత దానికే ఏడుస్తవా, పోయినసారి ఏమైంది’ అని నన్నే కోప్పడుతున్నది. ఊరోళ్ళొస్తే ఎల్లగొట్టింది.”

శవప్పెట్టె ఇంకా రాలేదు. కాగితాలు కావాలి. ఆ మధ్యలో శుక్రవారం వచ్చింది.

అన్నాలు తిన్నాక, సెంటర్ గుమ్మంలో ఆటో ఆగింది. అవ్వ ఒక్కతే దిగింది. ఉతికిన చీర కట్టుకుంది. కొంగులో మూట ఉంది. ఎవరినీ పలకరించకుండా నేరుగా మూలకు పోయి, ఆ కుర్చీలో కూర్చుంది. అక్కడ పరీక్ష ఫీజు కడుతున్న పిల్ల లేచి పక్కకు జరిగింది.

“పెట్టు బిడ్డా,” అంది. “కోడలు ఫోన్ల వస్తలేడు. గా ఫోన్ గట్లనే ఉంటది. ఊరోళ్ళంత మళ్ళ లొల్లి పెట్టిండ్రు. నాకు భయం లేదు. నువ్వు పెడితే వస్తడు.”

మూట విప్పి బల్ల మీద పెట్టింది. రేగుపళ్ళు.

అన్న కౌంటర్ దగ్గర లేచి నిలబడ్డాడు. నీళ్ళ సీసా వైపు చెయ్యి పోయి, ఆగిపోయింది. నేను వద్దన్నట్టు చూశాను.

పేజీ తెరిచాను. కొత్త పేజీ వెంటనే, తేటగా తెరుచుకుంది. ఆయన నంబరు కొట్టాను. ఈ నంబరుతో ఇక్కడ ఎవరూ లేరని వచ్చింది. అవ్వకు చదువు రాదు కాబట్టి నా వైపే చూస్తోంది. ఖరాబైంది అని నేను అంటానని, వచ్చే వారం అంటానని చూస్తోంది.

కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆమె మొహంలోకి చూశాను. ఇంత దగ్గరగా ఎవరి మొహంలోకీ చూసి మాట్లాడలేదు నేను.

“అవ్వా, నీ కొడుకు చచ్చిపోయిండు.”

కొంచెంసేపు నా కళ్ళలోనే చూసింది. తర్వాత మెల్లగా తెర వైపు తిరిగి, దాని అంచును వేలితో తడిమింది, జిగురు మరక ఉన్న చోట.

“నీ కంప్యూటర్ మంచిగనే ఉన్నదా బిడ్డా?”

“మంచిగనే ఉన్నది అవ్వా.”